మోదుగాకు పొట్లం

ఇటు దగ్గరికి జరుగు బిడ్డా, చెప్తా విను. శంషాబాద్‌లో ఇంకా విమానాలు దిగని రోజుల ముచ్చట ఇది.

ఆ పక్కనే గగన్‌పహాడ్‌లో ఒక వారపత్రిక అచ్చయ్యేది. యూనివర్సిటీలో ఎమ్మే చదివి వచ్చిన జెరూషాకు అక్కడే మొదటి కొలువు. ప్రూఫులు దిద్దేది, ఒక సీరియల్ రాసేది.

సిరా కుదిరేదాకా మొదట వచ్చే కాగితాలు మసకగా ఉంటాయి కదా, వాటిని ప్రెస్సు గేటు పక్కన పడేసేవాళ్లు.

ఒకనాడు ఆ కుప్పలో ఒక ముసలాయన ఏరుకుంటూ కనిపించాడు. ఎదుటి ఫ్యాక్టరీ ముందు బజ్జీల బండి పెట్టుకునే బుచ్చయ్య.

ఆయన చేతిలో ఉన్నవన్నీ జెరూషా సీరియల్ కాగితాలే.

"ఏంది తాతా, ఏరి ఏరి నా కథనే పట్టుకపోతున్నవ్?"

"నువ్వేనా బిడ్డా రాసేది?" ముసలాయన మొహం విప్పారింది. "ఇగ తర్వాతది ఎప్పుడొస్తది?"

"ఎందుకు, బజ్జీలు కట్టనీకి కాగితం సాలుతలేదా?"

ఆయన ఏదో అనబోయాడు.

"మెడ పట్టేసేటట్టు రాస్తే, నూనె తుడుచుకునుడేనా దాని గతి? ఆడ పెట్టు తాతా."

బుచ్చయ్య కాగితాల దుమ్ము దులిపి, అంచులు సరిచేసి, కుప్ప మీద పెట్టి వెళ్లిపోయాడు. మళ్లీ గేటు దగ్గరికి రాలేదు.

ఆ వారమే పత్రిక యజమాని అనంతయ్య ఆమెను పిలిచాడు.

"సూడమ్మా, నీ సీరియల్ మంచిగనే ఉండొచ్చు. గని తర్వాత ఏమైందని ఒక్కలన్న అడిగిన్రా?"

జెరూషాకు ఒక్క మొహమూ గుర్తు రాలేదు.

"లేదు సార్."

"గట్లయితే ఆపేద్దాం."

కథలో కౌసల్యమ్మ జ్వరంతో కాలిపోతున్న బిడ్డను ఒళ్లో పెట్టుకొని కొన్ని వారాలుగా దవాఖాన వరండాలోనే ఉంది. అక్కడే ఉండిపోయింది. ఇక రాయడం తన వల్ల కాదని, ఏదైనా బడిలో పంతులమ్మగా చేరిపోదామని జెరూషా అనుకుంది.

వానాకాలం వెళ్లాక ఒక మధ్యాహ్నం ఆకలేసి ఆ బండి దగ్గరికి పోయింది. బుచ్చయ్య లేడు. ఆయన భార్య సక్కుబాయి బజ్జీలు తీసి మోదుగాకులో చుట్టి ఇచ్చింది.

"కాగితం లేదా అవ్వా?"

"అచ్చు కాగితానికి నూనె అంటనియ్యకపోతుండె మా ఆయన. మొదటి సంది ఆకులే."

"తాత రాలేదా?"

"పోయిన నెలనే కాలం జేసిండు బిడ్డా."

పొట్లం చేతిలో అట్లాగే ఉండిపోయింది.

బండి పక్కన ఫ్యాక్టరీ ఆడవాళ్లు సద్దులు విప్పుకున్నారు. "మేం తింటుంటే కథ సదివి ఇనిపిచ్చెటోడు," అంది ఒకామె. "కాగితాలు దొరుకుతలేవని నడుమల్నే బంద్ చేసిండు."

"మంచంల పడ్డంక గూడ గదే రంది," అంది సక్కుబాయి. "గా దవాఖానల కౌసల్యమ్మ బిడ్డ బతికిందా అని. సదువుకున్నదానివి, నీకెర్కనా బిడ్డా?"

"బతికింది అవ్వా," అంటూ జెరూషా ఆ ఆడవాళ్ల నడుమ కూలబడింది.

తర్వాత ఏమైందని అడిగిన ఆ ఒక్క మనిషిని గేటు దగ్గరి నుంచి వెళ్లగొట్టింది తనే.

యాది పెట్టుకో బిడ్డా. ఎవరన్నా నిన్ను ఏదన్నా కథ అడిగితే, ముందు ఈ బుచ్చయ్యది చెప్పు.