ఫ్రీజర్‌లో వెచ్చదనం

ప్రయోగశాలలో అందరూ పిన్ని అని పిలిచే సహాయకురాలు ఆ ఉదయం తలవంచుకుని తిట్లు తింది. ఫ్రీజర్‌లో ఉండాల్సిన ప్రోటీన్ సీసాలు రాత్రంతా బల్లమీదే ఉండి పాడైపోయాయి. వాటిని బయట మరిచిపోయింది నిజానికి అక్కడ పనిచేసే ఒక పరిశోధకురాలు. ప్రయోగశాల పెద్దాయన పిన్నిమీద విరుచుకుపడుతుంటే ఆ పరిశోధకురాలు మైక్రోస్కోపు మీంచి తల ఎత్తలేదు.

ఆ సీసాల్లోది మనిషి ప్రోటీనే, బాక్టీరియాలో పెంచి తీసింది. మిగతా ప్రోటీన్లు సరిగ్గా మడతపడేలా చూసే ఇంకో ప్రోటీన్‌కు తోడుగా నిలవడం దాని పని.

ఆ రాత్రి కొత్త సీసాలతో పని మొదలుపెడదామని ఆమె ఒంటరిగా ఫ్రీజర్ తెరిచింది. అరల నిండా మంచు పేరుకుని ఉంది. ఒక బుల్లి సీసా తీస్తే గ్లవ్స్‌లోంచి కూడా వెచ్చగా తగిలింది. ఎవరో ఇంతసేపూ గుప్పిట్లో పెట్టుకుని, ఇప్పుడే వదిలినట్టుంది. ఇంకొకటి తీసింది. అదీ అంతే. ఫ్రీజర్ మోత ఠక్కున ఆగిపోయి, గదిలో చడీచప్పుడూ లేకుండా పోయింది.

ఆమె పిన్నికి ఫోన్ చేసింది.

"పిన్నీ, పొద్దున..." అంది. సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

"పోనీలేమ్మా, అయిపోయిందిగా" అంది పిన్ని. అంతలోనే గొంతు తగ్గించింది. "అది సరే, నీ పక్కన ఎవరమ్మా అలా వెక్కివెక్కి ఏడుస్తున్నారు?"

ఆమె నలుమూలలా చూసింది. ఎవరూ లేరు. కళ్ళు తడుముకుంది. పొడిగానే ఉన్నాయి.

"ఆ సీసాలు బయట మర్చిపోయింది నేనే పిన్నీ."

ఈసారి ఆ ఏడుపు ఆమెకూ వినిపించింది, చాలా దగ్గర్నుంచి, చేతిలోని వెచ్చటి సీసాలోంచి.