జిగురు చుక్కలు

చెక్క చెక్కే మా సెకండ్‌హ్యాండ్ సీఎన్‌సీ మెషీన్ కంట్రోలర్ కాలిపోయింది. డిజైన్లు ఎక్కించేది నేను, మెషీన్ నడిపేది అన్నయ్య. మెకానిక్ చూపించిన కొత్త కంట్రోలర్లన్నీ టచ్‌స్క్రీన్‌లే.

“ఇవొద్దు. బటన్లున్నది చూడు,” అన్నాడు అన్నయ్య.

“ఈ రోజుల్లో బటన్లవి ఎక్కడున్నాయండీ!” అన్నాడు మెకానిక్.

నాకు ఒళ్లు మండింది. “పనాగిపోయి కూర్చున్నాం. ఏంటన్నయ్యా నీ మొండిపట్టు?”

అన్నయ్య కొత్త స్క్రీన్‌ని అరచేత్తో నిమిరాడు. “మరీ నున్నగా ఉందిరా,” అన్నాడు.

మెకానిక్ పాత ప్యానెల్ విప్పి నా చేతికిచ్చాడు. “బటన్ల మీద ఈ జిగురేంటి? ఎప్పుడూ తుడవరా?”

ఆ జిగురు గురించి నేనూ అన్నయ్యని చాలాసార్లు విసుక్కున్నాను. స్టూలు మీంచి లేచి, ప్యానెల్‌ని గుమ్మం దగ్గర వెలుతురులోకి తీసుకెళ్లి వేలితో తడిమాను. స్టార్ట్ బటన్ మీద ఒక చుక్క. స్టాప్ మీద రెండు. ఒలికి పడినవి కావు, పెట్టినవి.

గుమ్మం దగ్గరే నిలబడి, కళ్లు మూసుకుని మళ్లీ తడిమాను.

“సరేలేరా, నీకేది నచ్చితే అదే తీసుకో,” అన్నాడు అన్నయ్య, ఇందాక నేను కూర్చున్న ఖాళీ స్టూలు వైపు చూస్తూ.