ఎడమ చక్రం గూడు

ఈ ఏడు కూడా మక్కకంకుల సంచి వచ్చింది. మాక్లూర్ ఊరి బండి అతను గుమ్మం ముందు దించి, నర్సన్న పంపించాడని చెప్పి వెళ్ళిపోయాడు. ఖైరున్నిసా నాలుగు కంకులు నిప్పుల మీద కాల్చి తెచ్చి భర్త ముందు పెట్టింది. సత్తార్ ముట్టలేదు. ఏడేళ్లుగా ముట్టడం లేదు. నర్సన్న సంచి వచ్చిన రోజు అతనికి అన్నం కూడా దిగదు.

ఆ మనిషి ఏడాదికోసారి గుర్తుపెట్టుకుని మరీ ఎందుకు పంపుతాడని ఆమె అడిగింది. మంచివాడు గనక అన్నాడు సత్తార్. తను ఎలాంటివాడో మాత్రం భార్యకు ఎన్నడూ చెప్పలేకపోయాడు.

నిజామాబాద్‌లో బండ్ల రేకుపని అంటే సత్తార్ పేరే చెప్పేవారు. అరవై ఎనిమిదిలో అతని షెడ్డుకు సుమిత్రమ్మ కారు వచ్చింది. నిజాం కాలం నాటి ఫోర్డు. భర్త పోయాక బోధన్ అవతలి చెరకు తోటలన్నీ ఆమే చూసుకునేది. వాన పడితే రేగడిలో ఆ కారు సన్నటి చక్రాలు ఇరుసు దాకా దిగబడేవి. వెనక వెడల్పు టైర్లు వేయిద్దామని డ్రైవర్ నర్సన్న సలహా ఇచ్చాడు. అవి పట్టాలంటే మడ్గార్డుల లోపలి రేకు కోసి, చక్రాల గూళ్ళు పెద్దవి చేయాలి.

కుడివైపు పని ముచ్చటగా కుదిరింది. రేకు కోసి, అంచు లోపలికి మడిచి, సుత్తితో నున్నగా కొట్టాడు సత్తార్. ఎడమవైపు రేకును మాత్రం తుప్పు తినేసింది. మడిస్తే విరుగుతుంది. తీసేసి కొత్త రేకు అతకాలంటే ఇంకో రెండు రోజులు పడుతుంది. తెల్లారితే పండుగ, ఆలోగా బండి ఇచ్చేయాలి. అంచును మడవకుండా కత్తి వాదరలా వదిలేసి, మీద నల్లరంగు పూశాడు. ఖాళీ బండి కింద చెయ్యి పెట్టి చూస్తే, కొత్త టైరుకూ రేకుకూ మధ్య ఒక్క వేలు పట్టింది. వెనక సీట్లో మనుషులు కూచుంటే ఆ సందు కూడా ఉండదని అతనికి తెలుసు. తెలిసే తాళాలు ఇచ్చేశాడు. నర్సన్న అరిగిన పాత టైర్లను డిక్కీలో వేసుకుని, పని బాగుందని మెచ్చుకుని వెళ్ళాడు.

ఇరవై రోజులకు నిజాంసాగర్ కాలువ పక్కన ఎడమ వెనక టైరు పేలింది. కారు కట్ట దిగి బోల్తాపడింది. సుమిత్రమ్మ చెయ్యి విరిగింది. నర్సన్న మోకాలు నలిగింది.

కట్టు కట్టిన చేత్తోనే ఆమె షెడ్డుకు వచ్చింది. వెనక నర్సన్న కర్ర పట్టుకుని నిలబడ్డాడు. పేలిన టైరును రిక్షాలోంచి దించి సత్తార్ ముందు వేయించింది.

"నీ పనిల ఏమన్న లోపముందా సత్తార్? సూశి చెప్పు."

సత్తార్ టైరు వైపు చూడలేదు. చూస్తే రేకు కోసిన గాటు కనబడుతుందని భయం. కళ్ళు గోడకు తిప్పుకున్నాడు.

"నా పనిల లోపం లేదమ్మా."

"అయితే తోలినోనిదే తప్పు."

నర్సన్న సత్తార్ మొహంలోకి తేరిపార చూశాడు. తల దించుకున్నాడు. ఆ పూటే అతని కొలువు పోయింది. హన్మవ్వ, అతని పెండ్లాం, అప్పుడు దవాఖానాలో ఉంది. ఆపరేషన్ అయి వారమే. యజమానురాలిని కాలువలో పడేసినవాడన్న పేరు ఊరూరా పాకింది. మళ్ళీ ఎవరూ అతనికి స్టీరింగ్ అప్పజెప్పలేదు. మాక్లూర్‌లో ఎవరిదో చేను కౌలుకు పట్టుకుని, కుంటుకుంటూ మక్క వేశాడు. తొలి పంట నుంచే సత్తార్ ఇంటికి కంకులు రావడం మొదలైంది.

నర్సన్న తిట్టినా సత్తార్ ఓర్చుకునేవాడు. నలుగురిలో నిలదీసినా తల వంచుకునేవాడు. కానీ ఆ పచ్చి కంకుల వాసన అతన్ని కుదురుగా కూచోనిచ్చేది కాదు. సుమిత్రమ్మకు నిజం చెప్పేద్దామని మూడుసార్లు బోధన్ బస్సు దాకా వెళ్ళి, మూడుసార్లూ తిరిగొచ్చాడు. పోయిన నెల ఆమె కన్నుమూసిందని తెలిసింది. చెప్పుకోవడానికిక మిగిలింది నర్సన్న ఒక్కడే.

మర్నాడు పొద్దున్నే మాక్లూర్ వెళ్ళాడు. నర్సన్న చేనులోంచి కుంటుకుంటూ ఎదురొచ్చి, మంచం వాల్చి, చాయ్ పెట్టమని హన్మవ్వకు కేకేశాడు. సత్తార్ కూచోలేదు. నిలబడే అంతా చెప్పాడు. తుప్పు, మడవని అంచు, పైన పూసిన రంగు, ఆనాడు ఆడిన అబద్ధం, ఏదీ దాచలేదు.

"నీ బతుకు నేను ఖరాబు చేసిన నర్సన్నా. నువ్వేమో కంకులు పంపుతున్నవు. గవి తిననీకె నాకు మొకం లేదు."

 హన్మవ్వ ఇచ్చి వెళ్ళిన చాయ్ గ్లాసును నర్సన్న మంచం కోడు పక్కన కింద పెట్టాడు.

"ఆనాడు షెడ్డుల టైరు దిక్కు నువ్వు నిజంగనే సూడలేదా?"

"లేదు. సూసే ధైర్యం లేకుండె."

"సూశినవనుకున్న. సూశి గూడ, దవాఖానల పెండ్లాం ఉన్నదని, నా ఇజ్జత్ కాపాడినవనుకున్న."

సత్తార్‌కు ఆ మాట అర్థం కాలేదు. నర్సన్న ఒకసారి వంటింటి వైపు చూసి, గొంతు తగ్గించాడు.

"పేలింది పాత టైరు. కొత్తయి నేను వారం ముందే ఆపరేషన్‌కని అమ్ముకున్న, భాయ్."