స్కెల్‌బ్రిడ్జ్ ఎనిమిదో నంబరు

"ఇంకో వారం, మహా అయితే పది రోజులన్నాడు డాక్టరు," అంది నర్సు మోరీన్, వృద్ధాశ్రమం గుమ్మంలోనే ఆపి. "చెప్పాలనుకున్నది ఏదైనా ఉంటే ఇవాళే చెప్పెయ్యండి, క్లైవ్ గారూ."

క్లైవ్ తలూపి లోపలికి నడిచాడు. బస్సు డ్రైవరుగా చేసి రిటైరైన మనిషి. నాలుగేళ్ళుగా ఒక్క ఆదివారం కూడా మానలేదు.

కిటికీ పక్క కుర్చీలో వాల్టర్ హెప్‌వర్త్ కూర్చుని ఉన్నాడు. ఒకప్పుడు స్కెల్‌బ్రిడ్జ్ రగ్బీ జట్టులో ఎనిమిదో నంబరు. వారమంతా బొగ్గు గనిలో పలుగు పట్టేవాడు, శనివారం మైదానంలో భుజం పెట్టేవాడు. ఆ భుజం తగిలి వెంటనే లేచినవాడు లేడు. ఇప్పుడు దాని మీద స్వెట్టరు కొక్కేనికి తగిలించినట్టు వేలాడుతోంది. ఆటలో తలకు తగిలిన దెబ్బలన్నీ ఏకమై జ్ఞాపకశక్తిని తినేశాయి.

"ఎవరు నువ్వు?"

"మీ అభిమానినండి."

ముసలాయన మొహం విప్పారింది. "రా అబ్బాయ్, కూర్చో. టీలో చక్కెర వెయ్యడం మర్చిపోయారు. మర్చిపోవడం నా పని కదా, వీళ్ళకేం రోగం?"

క్లైవ్ నవ్వి చక్కెర కలిపాడు. ఎప్పటిలాగే జట్టులోని పదమూడు మంది పేర్లూ ఒక్క ఊపిరిలో చదివాడు, ఎనిమిదేళ్ళప్పుడు చదివినట్టే. తరవాత మంచులో జరిగిన ఆట సంగతి ఎత్తుకున్నాడు. దవడ విరిగినా వాల్టర్ బయటికి రాలేదు. నడుం పట్టుకు వేలాడుతున్న ముగ్గుర్ని ఈడ్చుకుంటూ గీత దాటాడు.

"నువ్వు చూశావా?"

"గేటు దగ్గర నిలబడి చూశానండి."

"ఆట అయ్యాక పిల్లల్ని భుజాలకెత్తుకునేవాణ్ణి. నిన్నూ ఎత్తానా?"

"నా వంతు రాలేదండి. ఆఖరి ఈల వినగానే ఇంటికి పరిగెత్తేవాణ్ణి."

"ఏం, కొంప మునిగిందా?"

"అమ్మకి స్కోరు చెప్పాలి."

"మీ అమ్మకీ ఆటంటే అంత పిచ్చా!"

"స్కోరు తెలిసేదాకా పొయ్యి ముందు నిలబడే ఉండేదండి. గెలిచామంటే కూర్చునేది."

"ఓడితే?"

క్లైవ్ ఖాళీ కప్పు తీసి పక్కన పెట్టాడు. "ఓడితే మమ్మల్ని పెందలాడే పడుకోబెట్టేది."

ముసలాయన పకపకా నవ్వాడు. "అలాంటివాళ్ళు ఉండబట్టే ఆడాం!" నవ్వు దగ్గులోకి దిగింది. దగ్గు తగ్గాక కిటికీ వైపు తిరిగాడు.

"నాకు పిల్లలున్నారా, అబ్బాయ్? అడిగితే వీళ్ళు మాట మారుస్తారు. నీకు నా గురించి అన్నీ తెలుసుగా."

క్లైవ్ ముసలాయన స్వెట్టరుని భుజం మీదికి సర్దాడు.

"పేపర్లో ఎప్పుడూ చదవలేదండి."

"లేరేమోలే. గనీ, ఆటా... తీరికెక్కడిది?"

వాల్టర్ ఉన్నట్టుండి చెయ్యెత్తాడు. క్లైవ్ తల భుజాల్లోకి కుంగిపోయింది. అరవై దాటిన మనిషి, కళ్ళు గట్టిగా మూసుకున్నాడు.

ఆ చెయ్యి మెల్లగా వచ్చి అతని నెరిసిన జుట్టు మీద వాలింది. రెండుసార్లు నిమిరింది.

"మంచి కుర్రాడివి. మళ్ళీ రా."

క్లైవ్ కళ్ళు తెరవలేదు. ఆ చెయ్యి తనంతట తాను జారి, ముసలాయన నిద్రలో పడేదాకా కదల్లేదు.

బయటికి వస్తుంటే మోరీన్ ఎదురొచ్చింది. అతని మొహం చూసి గొంతు తగ్గించింది.

"ఇవాళైనా చెప్పారా?"

"లేదు."

"ఇంకెప్పుడండీ? నాలుగేళ్ళనుంచి అభిమానినంటూ ఎందుకొచ్చిన నాటకం?"

క్లైవ్ కోటు గుండీలు ఒక్కొక్కటే పెట్టుకున్నాడు.

"అభిమానుల మీద నాన్న ఎప్పుడూ చెయ్యి చేసుకోలేదు, మోరీన్."