మెడదాకా మట్టి

వంటింటి కిటికీ అద్దం మీద ఎవరో టకటకా కొట్టారు.

రోండా తలెత్తి చూసింది. తలకు పూల రుమాలు కట్టుకున్న ముసలావిడ ఒకామె, వాకర్ పట్టుకుని అవతల నిలబడి ఉంది. వీధి చివరి వృద్ధాశ్రమంలో ఉండే మనిషని చూస్తేనే తెలుస్తోంది.

రోండా తలుపు తీసింది.

"దారి తప్పారా అండీ?"

"నేను తప్పలేదు. నీ మొక్కలే తప్పాయి. ఉడికిపోతున్నాయి పాపం. పొయ్యి పక్కన ఎవరు పెట్టమన్నారు వాటిని?"

లోపల్నుంచి రోండా మొగుడు డెస్ నవ్వాడు. "నేను వారం నుంచి అదే మొత్తుకుంటున్నా. వింటేగా!"

రోండాకు ఒళ్లు మండింది.

ఆ కిటికీలో ఉన్నవి పంతొమ్మిది టమాటా మొలకలు. కిందటి వేసవిలో తెగులొచ్చి హ్యూవన్ లోయలో టమాటా అంతా మాడిపోయింది. ఇంకెవరింట్లోనూ ఒక్క గింజ మిగల్లేదు. రోండా అలమరలో మూల దొరికిన చిటికెడు గింజలకు మొలిచినవే ఇవి. ఆగస్టు నెల, భూమికి ఈ దక్షిణపు కొసన నడి చలికాలం. కొండంతా మంచు. చలికి చస్తాయేమోనని కట్టెల పొయ్యి పక్కన పెట్టి కాపాడుకుంటోంది. అవేమో వెలుగు చాలక జానెడేసి సాగి, దారప్పోగుల్లా ఒకదాని మీద ఒకటి వాలిపోయాయి.

"నన్నొకసారి చూడనిస్తావా అమ్మాయ్?"

"ఇది మామూలు టమాటా కాదండీ. మా లోయది. మా అత్తగారి అత్తగారి నాటి నుంచీ ఇక్కడే ఉంది. దీని సంగతి బయటివాళ్లకు తెలీదు."

ముసలావిడ వాకర్‌ను గడప దాటించింది. మెల్లగా లోపలికొచ్చి బల్ల ముందు కూర్చుంది. పాలొచ్చే ఖాళీ అట్ట డబ్బాలు, మట్టి అడిగింది. డెస్ తెచ్చిచ్చాడు.

ఒక మొలకను వేరు తెగకుండా మెల్లగా పైకి తీసింది.

కింది ఆకులు గిల్లేసింది. కాడను డబ్బాలోకి లోతుగా దించింది. మట్టి పోసింది. పోస్తూనే ఉంది.

"అయ్యయ్యో! బతికుండగానే పాతిపెట్టేస్తున్నారేంటండీ!"

"మెడదాకా పాతాలి. తలొక్కటి పైనుంటే చాలు."

"చచ్చిపోవూ?"

"దీనికా? ఎక్కడ మట్టి తగిలితే అక్కడ వేరేస్తుందమ్మా ఇది."

పంతొమ్మిదీ అలాగే పాతింది. అరచేత్తో వాటి తలలు మెల్లగా నిమిరింది.

"ఇక పొయ్యి దగ్గర పెట్టకు. పగలు ఎండ పడే వరండాలో ఉంచు. రోజూ ఇలా నిమురు. గాలొచ్చిందనుకుని గట్టిపడతాయి."

ఆవిడ వెళ్లేసరికి మధ్యాహ్నమైంది. రోండా ఆవిడ పేరు అడగలేదు. కాస్త టీ తాగుతారా అని కూడా అనలేదు.

మొక్కలు మాత్రం చావలేదు. మూడు వారాలకు ఒక పాల డబ్బా అట్ట నాని విచ్చుకుంది. రోండా వంగి చూసింది.

మట్టిలో ఉన్న కాడంతా వేర్లే. కింది నుంచి మెడదాకా, తెల్లగా, లెక్కలేనన్ని. ఆ బక్క కాడలో ఇంత ప్రాణం ఎక్కడ దాగి ఉందో!

డెస్‌ను పిలిచింది. ఇద్దరూ నేల మీద కూర్చుని చూస్తూ ఉండిపోయారు.

"చర్చిలో కూడా నువ్వింత నిశ్శబ్దంగా ఉండగా చూళ్లేదే," అన్నాడు డెస్ గుసగుసగా.

రోండా నవ్వలేదు. కళ్లు తుడుచుకుంది.

అక్టోబరులో, హోబర్ట్ రైతు ప్రదర్శనకిచ్చే షో సెలవు దాటి మంచు భయం పోయాక, నాలుగు మొక్కలు పెరట్లో నాటింది. మిగతావి ఇరుగుపొరుగుకు పంచింది. వేసవి ముదిరి ఫిబ్రవరి వచ్చేసరికి లోయలో మళ్లీ టమాటా విరగకాసింది.

మొదటి కోత బుట్టలో పెట్టుకుని రోండా వృద్ధాశ్రమానికి వెళ్లింది.

"తలకు పూల రుమాలు కట్టుకుంటారు, ఒక పెద్దావిడ..."

"స్తెఫానియా గారా?" అంది నర్సు. "క్రిస్మస్‌కు ముందే పోయారండీ."

రోండా బుట్ట బల్ల మీద పెట్టి అక్కడే కూర్చుండిపోయింది.

నర్సు వైపు తిరిగింది. "ఎవరావిడ? ఏ ఊరు?"

"పిల్లలంతా మెల్‌బోర్న్‌లో ఉన్నారు. ఆవిడే పట్టుబట్టి ఈ లోయకు వచ్చారు. రెండో ప్రపంచ యుద్ధమయ్యాక, తొమ్మిదేళ్లప్పుడు, ఉక్రెయిన్ నుంచి ఓడలో వచ్చారట. ఇక్కడ ఆపిల్ కోసేవాళ్ల రేకుల గదుల్లో ఒక్క ఏడాది ఉన్నారట."

"ఒక్క ఏడాదికే ఇంత మమకారమా?"

నర్సు బుట్టలోంచి ఒక పండు తీసి అటూ ఇటూ తిప్పి చూసింది.

"అమ్మ తన కోటు అంచులో పెట్టి కుట్టిన గింజలు ఇక్కడే మొలిచాయనీ, వెళ్లిపోయే ముందు గడప గడపకూ తిరిగి తలా ఒక మొక్క ఇచ్చాననీ చెప్పేవారు... అప్పటిదాకా ఈ లోయలో ఇలాంటి టమాటా ఎవరూ ఎరగరటండీ."