పదకొండో మలుపు

చప్పట్లు ఆగిపోయినా దర్జీ తలెత్తలేదు.

"సిగ్గు చూడండి ఈయనకి!" అంటూ సైకిల్ షాపాయన అతని భుజం మీద ఒక్కటి చరిచాడు. ఊళ్లో సైకిల్ క్లబ్బుకి ప్రెసిడెంటూ, సెక్రటరీ, పంచరు వేసేవాడూ అన్నీ ఆయనే. "రోజంతా మిషను తొక్కే కాళ్లండీ! ఊరికే పోతాయా?"

అందరూ నవ్వారు. దర్జీ కూడా నవ్వినట్టు మొహం పెట్టాడు.

మూడు కనుమలు దాటే రెండు వందల కిలోమీటర్ల సైకిల్ యాత్ర అది. క్లబ్బుకి ఒక్కటే చోటు ఇచ్చారు. అందుకని ఆదివారం పొద్దున్నే ఊరి వెనక కొండ మీదికి పోటీ పెట్టారు. పందొమ్మిది మలుపులు. ముందు ఎవరు ఎక్కితే వాళ్లే యాత్రకి. బరిలోకి దిగింది ముగ్గురే. దర్జీ, ఆసుపత్రి నర్సు, పోస్టుమాన్.

ఆ చోటు కోసం దర్జీ ఏడాదిగా ఒళ్లు హూనం చేసుకున్నాడు. తెల్లవారకముందే సైకిలు తీసేవాడు. కొట్టు తెరిచే వేళకి చొక్కా పిండితే నీళ్లు కారేవి. "నలభై ఆరేళ్లొచ్చాక ఇదేం పిచ్చి?" అని భార్య మొదట్లో దులిపేసింది. తర్వాత తర్వాత తనే కాళ్లకి కాపడం పెట్టేది. ఇప్పుడేమో మా ఆయన గెలిచాడని వీధి వీధంతా చాటింపు వేస్తోంది. దర్జీని తినేస్తున్నది అదే.

ఎందుకంటే పదకొండో మలుపు దగ్గర అతని తొడ పట్టేసింది. పొగమంచులో చాచిన చెయ్యి కూడా కనబడటం లేదు. నర్సు ముందుందో వెనకుందో తెలియదు. అప్పుడే కింద నుంచి క్యాబేజీ బస్తాల లారీ ఒకటి మూలుక్కుంటూ, మనిషి నడకన వచ్చింది. బస్తాలు రెండు పక్కలా ఉబ్బిపోయి ఉన్నాయి. కట్టిన గొలుసు కొస ఒకటి చేతికందేలా వేలాడుతోంది. దర్జీ ఆలోచించలేదు. ఆలోచించినా బాగుండేది. పట్టుకున్నాడు. పదిహేడో మలుపు దాకా వదల్లేదు.

పైకి ముందు చేరింది అతనే. నాలుగు నిమిషాలకి నర్సు వచ్చింది. పోస్టుమాన్ మాత్రం ఎంతకీ రాడు. అందరూ టీలు తాగేసి, ఇక దిగుదామనుకుంటుంటే, ముప్పావు గంటకి పొట్ట ముందూ తను వెనకా ఊడిపడ్డాడు.

"మా ఉత్తరాలు ఎందుకు లేటవుతున్నాయో ఇప్పుడర్థమైంది!" అని దర్జీయే ఎగతాళి చేశాడు. అందరికంటే గట్టిగా నవ్వింది పోస్టుమానే.

ఆ తర్వాత వారమంతా దర్జీకి నరకం.

మర్నాడే నర్సు కొట్టుకొచ్చింది. కొత్త రెయిన్‌కోటు బల్ల మీద పెట్టింది. "పైన చలెక్కువన్నయ్యా. నాకోసం కొనుక్కున్నదే. మీరు తీసుకెళ్లండి" అంది. మొహంలోకి చూడలేదు. మూడోనాడు గ్లవ్స్ పంపింది. ఆ మర్నాటి నుంచి సైకిలు మానేసి డ్యూటీకి నడిచే వెళ్తోంది. కొట్టు ముందుకు రాగానే తల దించుకుని గబగబా దాటిపోతోంది. ఓడిపోయి కూడా ఆ పిల్ల ఇంత పెద్ద మనసు చూపిస్తుంటే దర్జీకి తన చేతులంటే తనకే అసహ్యం వేసింది. యాత్రకని కుట్టుకుంటున్న చొక్కాకి రెండూ ఎడమ చేతులే కుట్టాడు. ముప్పై ఏళ్ల పనిలో ఎప్పుడూ అలా జరగలేదు.

శనివారం పోస్టుమాన్ కవరు పట్టుకొచ్చాడు. యాత్రవాళ్ల కాగితం. సంతకం పెడితే పేరు ఖాయం.

"పెట్టేయండి, నేనే పట్టుకుపోతాను" అంటూ మూలుగుతూ స్టూలు మీద కూలబడ్డాడు. "ఇంకా మెట్లు దిగలేకపోతున్నానండీ. మీకో మాట చెప్పనా? ఎవరితోనూ అనకండి. ఆవేళ ఓ క్యాబేజీ లారీ నన్ను దాటుకుపోయింది. గొలుసొకటి ఇదిగో, ఇంత దూరంలో ఊగుతోంది. ఒక్క క్షణం మనసు పీకిందండీ."

దర్జీ కలం కాగితం మీదే ఆగింది. "మరి?"

"ఛ! పైన మీరిద్దరూ అంత కష్టపడి తొక్కుతుంటే నేను వేలాడుతూ వస్తానా? బాగోదు కదా!"

దర్జీ కలం మూత పెట్టేశాడు. సాయంత్రం ఇస్తానని పోస్టుమాన్‌ని పంపించి, కాగితం జేబులో పెట్టుకుని, కొట్టు మూసి, తిన్నగా ఆసుపత్రికి నడిచాడు.

నర్సు ఇంజక్షన్ల గదిలో ఒక్కతే కూర్చుని కట్లు చుడుతోంది. అతన్ని చూసి లేచి నిలబడింది.

"నీ చోటు నేను కాజేశానమ్మా" అన్నాడు దర్జీ. తొడ పట్టెయ్యడం, మంచు, లారీ, గొలుసు, అన్నీ చెప్పేశాడు. చెబుతున్నంతసేపూ నేల వైపే చూశాడు. "సంతకం పెట్టలేదు. షాపాయనకి నేనే చెప్పుకుంటాను. నలుగురూ మొహాన ఉమ్మేసినా సరే. నీ పేరే పంపిద్దాం."

ఆమె చేతిలోని కట్టు జారి, విప్పుకుంటూ గుమ్మం దాకా దొర్లింది. తీయడానికి వంగలేదు.

"నా పేరొద్దు. పోస్టుమాన్‌గారి పేరు పంపించండి" అంది.

"ఆయన పేరెందుకమ్మా? నా తర్వాత వచ్చింది నువ్వు కదా!"

"ఆ లారీకి అవతలి వైపు గొలుసు పట్టుకుని వేలాడింది నేనే అన్నయ్యా."