వాసన పోయే ఇల్లు

"అబ్బ, కుళ్ళిన కోడిగుడ్ల కంపు!" నిండు చూలాలు చిన్మయి ముక్కు మూసుకుంది.

"ఇంటెనక కాలవ బురదలో క్రిములమ్మా! గాలొద్దు వాటికి. మురుగులో సల్ఫేటు పీల్చి, ఈ కంపు వదల్తాయి. మనకన్నా ముందే ఈడ కాపురముండాయి," అన్నాడు ఇళ్ళ బ్రోకరు ఏళుమలై. "పది నిమిషాలు కూచో, వాసనే ఉండదు."

కూర్చుంది. పోయింది! పురుటిలోగా ఇల్లు దొరికినట్టే అనుకుంది.

అంతలో ఇంటావిడ పసివాడు పాకుతూ వచ్చాడు. వాడి నడుముకు బొగ్గులాంటి మొలతాడు.

"నల్లదారం కట్టినారా?"

"వెండేమ్మా," నవ్వింది ఇంటావిడ. "పోయిన్నెలే కొన్నాం. ఈ గాలికి ఇట్లయిపోయింది."

చిన్మయి కడుపు పట్టుకుని లేచింది.

"ఏమ్మా, వాసన పోయిందిగా?" అన్నాడు ఏళుమలై.

"వాసన యాడికీ పోలా అన్నా. నా ముక్కే పోయింది."